బడి వెనుక వంక

కొత్తచెరువు,
29 జూన్ 2025

చెల్లెలు ఎస్తేరుకు, ఈ వేసవిని కూడా దాటి, మోకాళ్ళు మినహా సర్వాంగాలూ క్షేమంగా ఉన్న అక్క ఎలిజబెత్ ఆశీర్వదించి వ్రాయునది.

మొదట నీ ఫిర్యాదుకు సమాధానం. నేను ఫోను ఎత్తడం లేదని నీ భర్త పాపన్న చేత పదే పదే కబురు పెట్టించావు. ఎత్తను. తపాలా శాఖలో జీవితమంతా పనిచేసి పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేసినదాన్ని. ఫోనులో నా వాక్యం సగంలో ఉండగానే నీవు "సరేలే అక్కా" అంటావు. ఉత్తరంలో నీకు ఆ అవకాశం లేదు.

ఇక మా వీధి సంగతులు. ఎట్టకేలకు మాకు సిమెంటు రోడ్డు మంజూరైంది. పాత రోడ్డును తవ్వి, ఆ మట్టిని ప్రతి గడప ముందూ గుట్టగా పోశారు. ప్రస్తుతం మేమందరం ఇళ్ళలోకి కొండలెక్కి పోతున్నాం.

బడి విషయం అంతకంటే ముఖ్యమైనది. మా వీధి చివరి ప్రాథమిక పాఠశాల నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి ప్రధానోపాధ్యాయుడు బదిలీ మీద వెళ్ళిపోయాడు. బాధ్యతను తాత్కాలికంగా సుజాత అనే ఉపాధ్యాయినికి అప్పగించారు. ధర్మవరం నేతగాళ్ళ ఇంటి పిల్ల. పాఠం చెబితే గోడలు కూడా నేర్చుకుంటాయి. అయితే గొంతు లేవదు. బడిలోకి మేకలు వస్తే "కొంచెం జరగండమ్మా" అని వాటిని బతిమాలుతుంది. దసరా సెలవుల తర్వాత పరిశీలించి, ఆమెనే ఉంచాలో మరొకరిని పంపాలో తేలుస్తామని మండల విద్యాధికారి చెప్పారట. మరొకరంటే ఎవరు? వారానికి రెండు రోజులు వచ్చి, మిగతా రోజులు అనంతపురంలో ఉండేవారు. అది జరగనివ్వకూడదని నేను నిశ్చయించుకున్నాను.

అందుకే శ్రమదానం మొదలుపెట్టించాను. బడి వెనుక, ఒకప్పుడు కొండ నీళ్ళు పారిన వంక ఉంది కదా, ఎండిపోయి, కంపచెట్లు, సీసా పెంకులు, ప్లాస్టిక్ సంచులతో నిండిపోయింది. దాన్ని శుభ్రం చేసి, రోడ్డు మట్టినంతా అందులోనే పోయించి, పిల్లలకు ఆటస్థలం చేస్తే వీధీ బాగుపడుతుంది, బడీ బాగుపడుతుంది, అధికారి కళ్ళకు సుజాత సమర్థత కూడా కనబడుతుంది. గుత్తేదారు మట్టిని ఊరవతల పోయడానికి బాధపడుతున్నాడు. నేను చోటు చూపించగానే నాకు రెండు చేతులూ జోడించాడు.

పని ఏ రోజు చేయాలనే దగ్గర మాత్రం పెద్ద చర్చ జరిగింది. ఆదివారం మాకు ఆరాధన. శనివారం భజన బృందానికి ఆంజనేయస్వామి. శుక్రవారం కొందరు దర్గాకు పోతారు. సోమవారం శివుడిది. చివరకు ఏ దేవుడూ పట్టించుకోని బుధవారాన్ని ఎన్నుకున్నాం.

మరొక మాట. బడికి మరమ్మతులు అయ్యేవరకు గ్రంథాలయ పుస్తకాలను మా ముందు గదిలో పెట్టుకోమని, తాళంచెవి సుజాతకు ఇచ్చాను.

పాపన్న దగ్గు ఎలా ఉంది? మిరియాల కషాయం త్రాగమను.

ఇట్లు,
నీ అక్క,
ఎలిజబెత్, బి.ఎ.

*

కణేకల్,
8 జూలై

అక్కకు ఎస్తేరు వందనాలు. మేమందరం బాగుండాం. మీ మరిదికి దగ్గు తగ్గింది. నీ కషాయం తాగలేదు, దానికే తగ్గిందంటాండాడు.

నీ ఉత్తరం చదివినా. నీ తెలుగు చదివితే నాకు పరీక్ష రాసినట్ల ఉంటాది. అయినా ఇద్దరమూ సంతోషపడినాం. ఈ వయసులో పదిమందిని పోగేసి పని చేయిస్తాండావు, నీకే సాగుతాది.

ఈడ కాలువకు నీళ్ళు ఇడిసినారు. మడి దున్నతాండారు. ఊరంతా బురద వాసన. రాత్రంతా కప్పలు, నిద్ర లేదు.

రెండు మాటలు అడగాల. ఒకటి, ఆ వంక పూడిస్తే నీళ్ళొచ్చినప్పుడు యాడికి పోతాయి? రెండు, తాళంచెవి ఎవరికో ఇచ్చినానని అంత సులభంగా రాసినావే! ఆ పంతులమ్మ ఎవరు, వాళ్ళ నాయన ఎవరు? నువ్వు ఇల్లు బడికి రాసిచ్చేస్తాండావా ఏమి? నాకేం ఆశ లేదక్కా, నా పిల్లోల్లకూ లేదు. గానీ రేపు నువ్వు యాడుంటావు? కణేకల్‌కు వచ్చేయమంటే నీకు కోపం.

జొన్నరొట్టె చేస్తే నువ్వే గుర్తొస్తావు. మందులు మింగు.

నీ చెల్లెలు,
ఎస్తేరు

*

కొత్తచెరువు,
20 జూలై

ఎస్తేరుకు ఎలిజబెత్ వ్రాయునది.

మీ ఊరికి కాలువ ఉన్నదని నాకు తెలుసు. మీ ఊరి కప్పలు మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని తెలిసి ఆనందించాను. మా కప్పలు ఎక్కడికి వలసపోయాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అయితే "నీళ్ళొస్తే యాడికి పోతాయి" అని ఎండిన ఊరివాళ్ళను అడగడం, చెప్పులు లేనివాణ్ణి నీ కాలి కొలత ఎంత అని అడిగినట్టుగా ఉంది. నీవు వెటకారానికే అన్నావని నాకు అర్థమైంది. పదేళ్ళుగా ఆ వంకలో పారింది చౌడప్ప మేకల మంద మాత్రమే.

ఇక ఇంటి విషయం. తాళంచెవి ఇవ్వడం వేరు, ఇల్లు వ్రాసివ్వడం వేరు. ఈ తేడా తెలియడానికి బి.ఎ. చదవనవసరం లేదు. నా ఇంట్లో నేనే ఉంటాను. నా అన్నం నేనే వండుకుంటాను. పోయినప్పుడు నన్ను నలుగురు మోస్తారు, అంతకుముందు ఒక్కరు కూడా మోయనవసరం లేదు.

పని అద్భుతంగా సాగుతోంది. మొదటి బుధవారం వచ్చినవాళ్ళకంటే రెండవ బుధవారం వచ్చినవాళ్ళు ఎక్కువ, కారణం నా ఉపన్యాసం కాదు, బడిలో వంట చేసే ఓబులమ్మ పెట్టిన ఉగ్గాని, బజ్జి. వ్యతిరేకించినవాడు చౌడప్ప ఒక్కడే. కంపచెట్లు కొట్టేస్తుంటే నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమమ్మా, నా మేకలు తుమ్మకాయలు తిని బతుకుతాండాయి. ఇప్పుడేం తినల్ల, నీ బి.ఎ. తింటాయా?"

"నీ మనుమడు ఇక్కడ ఆడుకుంటాడు చౌడప్పా," అన్నాను.

"వాడు ఆడుకోనీ. మేకలు కూడా ఆడుకొని కడుపు నింపుకుంటాయా?" అని నవ్వించి, తానే గొడ్డలి అందుకున్నాడు.

సుజాత ఒకసారి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, బడి కమిటీలో ఒక మాట అనుకొని చేద్దామా?" అని మెల్లగా అడిగింది. కమిటీలో మాట అనుకునేలోపు రోడ్డు మట్టి ఊరవతలికి పోతుందని చెప్పాను. తలూపింది. మంచి పిల్ల.

మట్టి పోయడం పూర్తయింది. మొన్న పిల్లలు అక్కడ ఖోఖో ఆడారు. ఆ దుమ్ములో ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియలేదు గానీ, ఆ కేకలు వింటే మన చిన్నతనం గుర్తుకు వచ్చింది.

కోపంతో కాదు, స్పష్టత కోసం ఇలా వ్రాశాను.

ఇట్లు,
ఎలిజబెత్, బి.ఎ.

*

కణేకల్,
4 ఆగస్టు

అక్కా,

నేను కాలువ గొప్ప చెప్పలేదు. అడగాలనిపించింది, అడిగినా. ఈడ మడికి మడికి మధ్య చిన్న కాలువ పూడిస్తేనే పక్క మడివాడు కట్టె ఎత్తుకొని వస్తాడు. ఆ అలవాటులో అడిగినా. నీతో మాట్లాడాలంటే తూకం వేసి మాట్లాడాల.

పోయినప్పుడు మోసే మాట మల్లా రాస్తే నీ ఉత్తరం చింపేస్తా.

మీ మరిది ధర్మవరం వస్తాండాడు, మేనకోడలి పెండ్లికి చీర చూసేదానికి. అట్లే నీ దగ్గరికి వచ్చి పోతాడు. ఊరికే. వేరే ఏమీ లేదు.

వడియాలు పంపిస్తాండా. ఆ పంతులమ్మకూ ఇంత పెట్టు.

ఎస్తేరు

*

కొత్తచెరువు,
17 ఆగస్టు

ఎస్తేరుకు ఎలిజబెత్ వ్రాయునది.

నీ గూఢచారి వచ్చి వెళ్ళాడు. ధర్మవరంలో చీర కొనడానికి వచ్చిన మనిషి నా బీరువా తాళం సరిగా పడుతున్నదా, నా బియ్యం డబ్బా నిండుగా ఉన్నదా అని ఎందుకు చూస్తాడు? కూర్చున్న కాసేపటికి, "వదినా, ఒక్కదానివే ఎట్ల ఉంటావు? మా ఊరు వచ్చేయరాదా?" అన్నాడు. నన్ను మూటగట్టి బస్సెక్కించడానికే పంపావని అప్పుడు స్థిరపరచుకున్నాను.

"ఒక్కదాన్ని ఎక్కడున్నాను పాపన్నా? పద, చూపిస్తా," అని ఆటస్థలానికి తీసుకుపోయాను. పిల్లలు అతణ్ణి చుట్టుముట్టి ఖోఖోకు తీర్పరిగా నిలబెట్టారు. సాయంత్రం వరకు ఈల నోట్లోంచి తీయలేదు. చీర కొన్నాడో లేదో నాకు తెలియదు.

ఆగస్టు పదిహేను వేడుక ఆ మైదానంలోనే జరిగింది. మండల విద్యాధికారి స్వయంగా వచ్చారు. చుట్టూ చూసి, "ఇక్కడ వంక ఉండేది కదా?" అన్నారు. "ఉండేది," అన్నాను గర్వంగా. వారు సుజాతను మెచ్చుకున్నారు. ఆమె ఏదో చెప్పబోయింది గానీ మైకు నా చేతిలో ఉంది. సుజాత పేరును సిఫారసు చేస్తామని వెళ్ళేముందు వారు అన్నారు. ఇక ఆమె ఈ బడికి పెద్ద అయినట్టే అనుకో.

వడియాలు బాగున్నాయి. ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ.

ఇట్లు,
ఎలిజబెత్, బి.ఎ.

*

కొత్తచెరువు,
12 సెప్టెంబరు

ప్రియమైన ఎస్తేరూ,

వాన వచ్చింది! పోయిన వారం బుధవారం సాయంత్రం మొదలై తెల్లవారే వరకు కురిసింది. మా వీధిలో గొడుగు ఉన్న ఇల్లే లేదు, అందుకని అందరూ సంతోషంగా తడిసిపోయారు. ఓబులమ్మ వాకిట్లో నిలబడి రెండు చేతులూ చాపి, "తల్లీ, ఇంకా దా! ఇంకా దా!" అని పిలిచింది. ఆ తల్లి ఆమె మాట విన్నది. కొంచెం ఎక్కువగానే విన్నది.

మరునాటి ఉదయం బడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కొండ మీది నుంచి దిగిన నీరు మైదానం దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కు మళ్ళి, తరగతి గదుల్లోకి వచ్చింది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు తడిసిపోయాయి. రెండు గదుల్లో మోకాలి లోతు. పుస్తకాలు మా ఇంట్లో ఉండటం వల్ల బతికిపోయాయి.

ఇక్కడివారి స్వభావం నీకు తెలుసు కదా. మా ఊళ్ళో ఎవరూ నీటిని తిట్టరు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చౌడప్ప టెంకాయ తెచ్చాడు, ఓబులమ్మ పసుపు కుంకుమ తెచ్చింది. ఒకటవ తరగతి గదిలో గంగమ్మకు హారతి. మా పాస్టరు గారు గడపలో నిలబడి స్తుతి ప్రార్థన చేశారు. సుజాత చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని, నీళ్ళలో నిలబడి పసుపు చల్లుతున్నది. సరిగ్గా అప్పుడే మండల విద్యాధికారి జీపు దిగారు.

"ఏమమ్మా! నీళ్ళు తోడతారా, నీళ్ళకు హారతి ఇస్తారా?" అని కేకవేశారు.

సుజాత నోరు విప్పేలోపు చౌడప్ప అందుకున్నాడు. "సార్, ఇన్నేండ్లకు వచ్చిన అమ్మను వచ్చిన పొద్దే గెంటేయమంటారా? మధ్యాహ్నం తోడతాం, కానీండి."

అధికారి నవ్వలేదు. వంకను పూడ్చడానికి ఎవరు అనుమతించారో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలన్నారు. సుజాత ఇచ్చింది. ఓబులమ్మ చెప్పిన ప్రకారం, అది తన నిర్ణయమేనని వ్రాసి సంతకం పెట్టిందట. ఆమెను తప్పించి మరొకరిని పంపుతారని వీధిలో అంటున్నారు.

గుత్తేదారు మట్టిని సరిగా సర్దలేదు. అసలు ఇంత వాన ఎవరు ఊహిస్తారు? ఆ పిల్ల అలా ఎందుకు వ్రాసిందో నాకు అర్థం కావడం లేదు. నాలుగు రోజులుగా ఆకలి కూడా సరిగా లేదు. వాతావరణం మారడం వల్ల కావచ్చు.

నీ,
ఎలిజబెత్

*

కణేకల్,
16 సెప్టెంబరు

అక్కా,

వాన పడిందని మీ మరిది ఎగిరినాడు. తర్వాత మిగతాది చదివి, ఉత్తరం మడిచి నా చేతికిచ్చినాడు.

వాన గురించి రాసినావు, ఓబులమ్మ గురించి రాసినావు, టెంకాయ గురించి రాసినావు. గుత్తేదారుదే తప్పన్నావు. వంక ఎవరు పూడిపించినారు అనేది మాత్రం ఆ ఉత్తరంలో యాడా లేదు. నేను రెండుసార్లు వెతికినా.

ఆ బిడ్డ ఎందుకు రాసిందో నీకు అర్థం కాలేదా? వయసులో పెద్దది, నలుగురిలో తలెత్తుకొని తిరిగేది, ఆమెను ఆఫీసులో నిలబెట్టకూడదని రాసింది. నేను ఆ పిల్ల మీద అనుమానపడినా. నాకే సిగ్గయితాంది. తాళంచెవి కాదు, నీ ఇల్లే ఇచ్చినా తప్పులేదు.

నీకు ఆకలి లేకుండా పోయింది వాతావరణానికి కాదులే. పో. పోయి చెప్పు. ఒక్కదానివే పోవద్దు, మీ మరిదిని పంపిస్తా. ఆఫీసులో వాళ్ళు ఒక మాట అంటే నువ్వు తట్టుకోలేవు.

కోపం వస్తే రానీ.

ఎస్తేరు

*

కొత్తచెరువు,
8 అక్టోబరు

ఎస్తేరుకు, ఎలిజబెత్ వ్రాయునది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. నీ ఉత్తరం నాకు శుక్రవారం అందింది. నేను విద్యాధికారి కార్యాలయానికి పోయింది గురువారం. నమ్మకపోతే తపాలా ముద్ర చూపిస్తాను. నీవు చెప్పినందుకు పోయానని పాపన్నతో గానీ, నీ పిల్లలతో గానీ అనవద్దు. ఒక్కదాన్నే పోయాను.

కార్యాలయంలో వరండాలో చాలాసేపు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక అధికారి నన్ను గుర్తుపట్టలేదు. మైకు లేకపోవడం వల్ల కావచ్చు.

"మీ పిల్లలు ఆ బడిలో చదువుతున్నారా అమ్మా?"

"లేదు."

"మనుమలు?"

"నాకు పెళ్ళే కాలేదు."

"మరి ఆ బడితో మీకేం సంబంధం?"

"ఆ వంకను పూడ్పించిన మనిషిని నేను. మట్టి పోయించింది నేను. కమిటీని అడగనివ్వనిది నేను. సుజాతకు ఏ సంబంధమూ లేదు."

"ఆమె తన నిర్ణయమని రాసిచ్చిందే?"

"నేను చేసిన పనికి మరొకరు సంతకం పెట్టడాన్ని నేను ఒప్పుకోను. మా తపాలా శాఖలో దాన్ని ఫోర్జరీ అంటారు," అన్నాను.

అప్పటివరకు నా మీద నాకు చాలా గౌరవంగా ఉంది. అప్పుడాయన కళ్ళద్దాలు తీసి, "అంటే, ఆమె మాకు అబద్ధపు సంజాయిషీ ఇచ్చిందన్నమాట," అన్నారు.

ఎస్తేరూ, ఆ కుర్చీలోంచి నేను ఎలా లేచానో, బస్సు ఎలా ఎక్కానో నాకు జ్ఞాపకం లేదు.

సాయంత్రం, కార్యాలయం నుంచి ఫోను అందుకున్న సుజాత వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, నన్ను తేల్చేదానికి పోయినారా, ముంచేదానికి పోయినారా?"

"నిజం చెప్పడానికి పోయాను."

"నన్ను అడిగి పోయినారా? వంక పూడ్చేటప్పుడూ నన్ను అడగలేదు. మైకులో మాట్లాడేటప్పుడూ అడగలేదు. ఇప్పుడు నా ఉద్యోగం గురించి మాట్లాడేదానికీ నన్ను అడగలేదు. ఆ బడికి ఎవరు పెద్ద, మీరా నేనా?"

గొంతు లేవదని నేను ఎవరి గురించి వ్రాశానో, ఆ పిల్ల గొంతు ఎదురింటివారికి కూడా వినబడింది. ఎదురింట్లో ఓబులమ్మ గిన్నె తోమడం ఆపి వింటున్నది. "నీవే," అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు పట్టినంత సమయం నీవు చూసి ఉంటే చాలా సంతోషించేదానివి.

తర్వాతి వారం అధికారి తల్లిదండ్రులను బడికి పిలిపించారు. నేను గోడ పక్కన నిలబడ్డాను, ముందు వరుసలో కుర్చీ వేసినా కూర్చోలేదు. ఆయన సంజాయిషీ కాగితం పైకెత్తి, ఇది నిజమా అబద్ధమా అని అడిగారు.

సుజాత లేచి, "నిజమే సార్," అంది. "పూడ్చమన్నది ఎలిజబెతమ్మ. వద్దనాల్సింది నేను. నాకు అనుమానం ఉన్నా గట్టిగా చెప్పలేదు. నా బడిలో ఎవరు ఏం చేసినా జవాబు నాదే అనుకొని నా పేరు రాసినా. ఇంక మీ ఇష్టం."

చౌడప్ప వెనకనుంచి, "సార్, ఆమెను మార్చితే మేం మల్లా ఇంకొకరికి మా మేకల సంగతి మొదటినుంచి చెప్పుకోవాల!" అన్నాడు. ఈసారి అధికారి నవ్వారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మీరే ఉండండమ్మా. అయితే ఆ వంక మళ్ళీ వంక కావాలి. ఇంకో వాన వచ్చేలోపల."

అదీ సంగతి. సుజాతే మా బడికి పెద్ద. జూలైలో నీవు అడిగిన నీళ్ళ ప్రశ్నకు కూడా సమాధానం ఇప్పుడు ఇస్తున్నాను: బడిలోకి పోతాయి. వెటకారం కాదని అప్పుడే గ్రహించి ఉండవలసింది.

ఈ రోజు బుధవారం. మట్టి మెత్తబడి ఉండటంతో జేసీబీ దిగబడుతుందని, వీధి వీధంతా పారలు, తట్టలతో దిగింది. పాపన్న మొన్న రాత్రే వచ్చాడు. ఈసారి చీర మాట ఎత్తలేదు, సొంత పార తెచ్చుకున్నాడు. మడికి కాలువ తీసినట్టు గట్టు తీస్తున్నాడు. చౌడప్ప అతనికి సలహాలు ఇస్తున్నాడు, ఇద్దరికీ పడటం లేదు.

నేను బడి మెట్టు మీద కూర్చొని ఇది వ్రాస్తున్నాను. పని ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఉదయం నేను ఒక మాట చెప్పబోయాను. సుజాత చేయి అడ్డం పెట్టి, "అది కమిటీలో అనుకున్నాం అమ్మా," అని వెళ్ళిపోయింది. నాకు కోపం రావలసింది. ఎందుకో రాలేదు.

ఇప్పుడు మళ్ళీ ఇటే వస్తున్నది. చేతిలో ఖాళీ తట్ట. పెద్దదాన్ని కదా, నీడలో కూర్చోమని చెబుతుందనుకున్నాను.

"ఉత్తరం మధ్యాహ్నం రాసుకోవచ్చమ్మా. వరసలో ఒక మనిషి తక్కువైనారు. ఓబులమ్మ పక్కన నిలబడి తట్ట అందుకోండి."

చుట్టూ అందరూ చూస్తున్నారు. పోతున్నాను.

ఎలిజబెత్